ఎవరి మీదా ఎవరి పెత్తనం లేని ఊరు

మిత్రులారా, నమస్కారం.

దక్షిణ అట్లాంటిక్ నడిమధ్య ట్రిస్టన్ డా కున్యా అని ఓ దీవి ఉంది. సెయింట్ హెలెనా అనే మరో దీవి నుంచి దాదాపు 2,400 కిలోమీటర్లు. విమానం దిగే చోటు లేదు, ఇప్పటికీ ఓడెక్కాల్సిందే. దీవి మొత్తానికి ఊరు ఒక్కటే. ఆ ఊరు పుట్టిన తీరు చదివినప్పుడల్లా నా మనసు ఒక్క కాగితం దగ్గరే ఆగిపోతుంది.

1816లో బ్రిటన్ అక్కడ సైనికుల్ని దింపింది. సెయింట్ హెలెనాలో బందీగా ఉన్న నెపోలియన్‌ని ఎవరైనా ఈ దీవి మీదుగా తప్పిస్తారేమోనని భయం. మరుసటి ఏడే వాళ్లని వెనక్కి పిలిచారు. విలియం గ్లాస్ అనే స్కాట్లాండ్ కార్పొరల్ మాత్రం భార్యా పిల్లలతో ఇక్కడే ఉంటానన్నాడు. ఇంకో ఇద్దరు తోడయ్యారు. 1817 నవంబర్ 7న ఒప్పందం రాసుకున్నారు. పశువులు, సరుకు అందరివీ. లాభమొస్తే సమానంగా పంచుకోవాలి. ఎవరి వంతు పని వాళ్లు చేయాలి. ఎవరూ ఎవరి మీదా ఆధిక్యం చూపకూడదు.

ఈ మాట రాసుకున్నది సైన్యంలో పై హోదా, కింది హోదా అనే అంతస్తుల మధ్య బతికిన సిపాయి అని గుర్తుపెట్టుకోండి. అందుకే నాకది అంత విలువైన మాట.

1827లో ఒక ఓడ కెప్టెన్ సెయింట్ హెలెనా నుంచి ఐదుగురు ఆడవాళ్లని తీసుకొచ్చాడు, అక్కడి ఒంటరి మగవాళ్లకి భార్యలుగా. ఆ మగవాళ్ల సాహసం గురించి చాలామంది చెబుతారు. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం సముద్రం దాటి వచ్చిన ఆ ఐదుగురి గుండెధైర్యం గురించి ఎవరూ చెప్పరు. సంసారాలు నిలబడ్డాయి కాబట్టే ఊరు నిలబడింది.

బతుకంతా బంగాళాదుంప మీదా, పడవ మీదా. ఊరికి దూరంగా దుంపల మళ్లు, గాలికి అడ్డంగా రాళ్ల గోడలు. కలప కరువు కాబట్టి పడవకి చట్రం మాత్రమే కర్రతో కట్టి, పైన కాన్వాస్ గుడ్డ బిగించి రంగు పూసేవారు. ఆ పడవని అలల్లోకి నెట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. సమానత్వం కాగితం మీంచి చేతుల్లోకి దిగింది అక్కడే అనుకుంటాను.

ఆ సముద్రమే గుండెకోతా మిగిల్చింది. 1885లో దాటిపోతున్న ఓడతో సరుకు మార్పిడికని 15 మంది మగవాళ్లు పడవలో వెళ్లారు. ఒక్కరూ తిరిగి రాలేదు. అంత చిన్న ఊళ్లో 15 మంది అంటే ఎన్ని ఇళ్లలో దీపం ఆరిందో ఊహించండి.

డబ్బుతో వాళ్లకి పెద్దగా పని ఉండేది కాదు. 1946లో తమకి సొంత తపాలా బిళ్ల కావాలని అడుగుతూ తయారుచేసిన నమూనా మీద పెన్నీ (బ్రిటన్ చిల్లర నాణెం)తోపాటు ‘నాలుగు బంగాళాదుంపలు’ అని కూడా ధర వేశారు.

1961లో ఊరి పక్కనే అగ్నిపర్వతం బద్దలైంది. జనాన్నంతా ఇంగ్లండుకి తరలించారు. అక్కడ ఇల్లు, కరెంటు, జీతం, అన్నీ దొరికాయి. మరుసటి ఏడాది, ఉంటారా వెళతారా అని ఓటు పెట్టారు. ఉంటామన్నది ఐదుగురు. వెళతామన్నది 148 మంది. 1963లో ఓడెక్కి తమ దుంపల మళ్ల దగ్గరికి వెళ్లిపోయారు.