జీను వేసే ముందు

శ్రోతలకు నమస్కారం. మాది నాందేడ్ జిల్లా, దెగ్లూరు పక్కన పల్లె. మార్గశిరం వచ్చిందంటే మా వైపు అందరి నోటా మాళేగావ్ ఖండోబా జాతర మాటే. అక్కడి గుర్రాల బజారు చూసొచ్చిన కుర్రాళ్లు మా ఇంటికొచ్చి "కాకా, మార్వాడీ జాతి గుర్రం కొనాలా, కాఠియావాడీ జాతిది కొనాలా" అని అడుగుతారు. చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకుతున్న గుర్రాన్ని చూస్తే ఎవరికైనా మనసవుతుంది, తప్పు లేదు. నేను తిరిగి అడిగేది ఒకటే, రోజూ పొద్దున లద్ది ఎత్తేదెవరు?

మా ఇంట్లో ఆడ గుర్రం ఉంది. తెల్లారి కొట్టంలోకి పోగానే ముందు లద్ది చూస్తాను. ఉండలుగా, కాస్త తడిగా, చిదిపితే విడిపోయేలా ఉంటే టెన్షన్ లేదు. రాత్రంతా లద్ది వేయకపోయినా, చొప్ప ముట్టకపోయినా, ముందుకాలితో నేల తవ్వుతూ మెడ తిప్పి పొట్ట వైపే చూస్తున్నా కడుపునొప్పి అనుకోవాలి. మనకైతే కడుపునొప్పి చిన్న మాట, గుర్రానికి ప్రాణాల మీదికొస్తుంది, ఎందుకంటే గుర్రాలు వాంతి చేసుకోలేవు. వెంటనే మేత తీసేసి పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి. ఎవరో చెప్పారని గొట్టంతో నూనె పోయొద్దు, చేతులు జోడించి చెబుతున్నా, అది దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకేం చేయలేం.

అంత పెద్ద ఒళ్లున్నా దాని కడుపు సంచిలో పట్టేది 8 నుంచి 15 లీటర్లే. అందుకే గంపెడు దాణా ఒకేసారి పెట్టకూడదు, ఎండుగడ్డో జొన్నచొప్పో కొద్దికొద్దిగా రోజంతా నములుతూ ఉండాలి. ఉలవ గుగ్గిళ్లు పని ఉన్న రోజు కాస్త ఎక్కువ, లేని రోజు తక్కువ. ఎండాకాలం రోజుకు 40 లీటర్ల పైనే నీళ్లు తాగుతుంది, చెమట బాగా పడుతుంది కాబట్టి ఉప్పుగడ్డ కూడా అందుబాటులో ఉండాలి.

ఇక గిట్టలు. కాలు ఎత్తి పట్టుకుని, ఇనుప కొక్కెంతో మడమ నుంచి ముందుకు గీకితే అడుగున మూడు మూలల మెత్తటి చోటు కనిపిస్తుంది, దాని పక్క గాడిలోనే రాళ్లు ఇరుక్కునేది. వానల్లో అక్కడ నల్లగా మారి ముక్కు మూసుకునే వాసన వస్తోందంటే గిట్ట కుళ్లుతోంది, కొట్టం తడిగా ఉందన్నమాట. 6 నుంచి 8 వారాలకోసారి గిట్టలు చెక్కించి నాల్, అదే లాడం, మార్పించాలి. గిట్టలో మేకు దిగితే గుర్రానికి ధనుర్వాతం ఇట్టే పట్టుకుంటుంది, టీకా మాత్రం మానొద్దు.

ఇవన్నీ అయ్యాకే స్వారీ. జీను వేయగానే గుర్రం పొట్ట ఉబ్బిస్తుంది, అందుకే నాలుగడుగులు నడిపించి పట్టీ మళ్లీ బిగించి, అప్పుడు ఎడమ పక్క నుంచి ఎక్కాలి. నల్లరేగడి తడిసిన రోజుల్లో నేను దౌడు తీయించను, నడకే, కాలు బెణికితే నెలల తరబడి కట్టేసి మేపడమే. ఆ నడకలో కూడా, కంకి మీదున్న జొన్నచేల మధ్య దాని చెవులు రెండు దిక్కులకూ తిరుగుతుంటే చూడటం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

పెళ్లిళ్ల వాళ్లకు ఒక మాట. ఊరేగింపులో గుర్రానికి సరిగ్గా వెనక నిలబడిన మనిషి దానికి కనపడడు, పిల్లల్ని అటు పోనీయకండి. డీజే బండికి దూరంగా నడిపిస్తామని గుర్రం వాళ్లు అంటే ఒప్పుకోండి, టపాసులు గుర్రం దాటి పోయాకే కాల్చండి, మధ్యలో ఎక్కడైనా ఆగినప్పుడు ఒక బకెట్ నీళ్లు పెట్టించండి.