స్టేజీ ఎక్కే వారం: టాన్‌కు ఒంటిని సిద్ధం చేసుకోవడం

అందరికీ నమస్కారం. డైట్ గురించి, పోజింగ్ గురించి కోచ్‌లు చెప్పేశారు. నాకు అప్పజెప్పింది టాన్, అంటే పోటీకి ముందు ఒంటికి స్ప్రేతో ముదురు రంగు వేయడం. మొదటిసారి బాడీబిల్డింగ్ పోటీకి దిగుతున్న కుర్రాళ్లు, అమ్మాయిలు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "మనం ఎలాగూ నల్లగానే ఉంటాం కదా, మళ్లీ రంగెందుకు?"

స్టేజీ లైట్లు మామూలు లైట్లు కావు. ఆ వెలుతురు మీద పడితే చామనచాయ ఒళ్లు కూడా పాలిపోయినట్టు కనిపిస్తుంది. నెలల తరబడి కష్టపడి తెచ్చుకున్న కట్స్, అంటే కండరాల గీతలు, వెనక వరుసలో కూర్చున్నవాళ్లకు కనపడవు. పైగా ఒంటి రంగు అంతటా ఒకటే ఉండదు. ముఖం, మెడ, ముంజేతులు ఎండకు కమిలి ఉంటాయి. చొక్కా కింద ఉండే ఛాతీ, తొడలు లేతగా ఉంటాయి. ఆ తేడా పోవాలి. ఏడాది పొడుగునా తెల్లబడే క్రీముల ప్రకటనలు చూసే దేశంలో, నల్లబడడానికి డబ్బులిచ్చి మరీ క్యూ కట్టే చోటు బహుశా ఇదొక్కటే. నాకైతే ఆ క్యూ చూస్తే ముచ్చటేస్తుంది.

స్ప్రేలో అసలు పని చేసేది డైహైడ్రాక్సీఅసిటోన్, పొట్టిగా డీహెచ్‌ఏ. ఇదొక రకం చక్కెర. 1950ల్లో అమెరికాలోని సిన్సినాటిలో ఈవా విట్‌గెన్‌స్టైన్ అనే పరిశోధకురాలు ఒక జబ్బు ఉన్న పిల్లలకు దీన్ని తాగించి పరీక్షలు చేసేవారు. అది ఒలికి ఒంటి మీద పడినచోట చర్మం గోధుమరంగుకు తిరగడం ఆమె గమనించారు. ఇది చర్మం పైపైన ఉండే చనిపోయిన కణాల పొరలోని అమైనో ఆమ్లాలతో కలిసి రంగు పుట్టిస్తుంది. లోపల ఉండే మెలనిన్‌తో దీనికి పనిలేదు.

గోరింటాకు గుర్తు తెచ్చుకోండి. అరచేతిలో ఎర్రగా పండుతుంది, ముంజేతి మీద లేతగా ఉండిపోతుంది. అరచేతి చర్మం మందం కాబట్టి. టాన్ సంగతీ అంతే. మోచేతులు, మోకాళ్లు, చీలమండలు, వేళ్ల కణుపుల దగ్గర పైపొర మందంగా, పొడిబారి ఉంటుంది. అక్కడ రంగు ఎక్కువ పట్టి మచ్చలు తేలతాయి. కొద్ది రోజుల్లో పైపొర రాలిపోతుంది, దాంతోపాటే రంగూ పోతుంది. సరిగ్గా రాలని పాత పొర మీద స్ప్రే కొడితే అతుకుల బొంతలా వస్తుంది. నా చేతిలో స్ప్రే గన్ ఎంత మంచిదైనా నేను చేయగలిగింది ఏమీ లేదు. అందుకే స్ప్రే రోజు కంటే ముందు వారం ముఖ్యం.

ఆ వారం రోజు విడిచి రోజు స్క్రబ్ చేయండి. ఆఖరిసారి స్ప్రేకు ఒక రోజు ముందు. బజారు స్క్రబ్బే కొనక్కర్లేదు, మన సున్నిపిండి చక్కగా పనికొస్తుంది. కాకపోతే నూనె లేకుండా, పసుపు కలపకుండా. నూనె రాసుకుని నలుగు పెట్టుకోవడం మన ఇళ్లలో అలవాటు, కానీ ఒంటి మీద నూనె జిడ్డు మిగిలితే ద్రవం చర్మానికి అందదు, అక్కడ తెల్లగా ఉండిపోతుంది. కొందరు పౌరుషంగా పీచుతో రక్తం వచ్చేలా రుద్దుతారు. గీరుకుపోయిన చోట రంగు ఇంకోలా పడుతుంది. నెమ్మదిగా చేయండి.

స్నానం అయ్యాక రోజూ నూనె జిడ్డు లేని మాయిశ్చరైజర్ రాయండి. స్ప్రే రోజు మాత్రం వద్దు. పోటీ వారంలో చాలామంది నీళ్లు బాగా తగ్గించేస్తారు. అది ప్రమాదమని నా అభిప్రాయం, కోచ్‌లకు నచ్చకపోయినా సరే. చర్మం కూడా పొడిబారి పొట్టు లేస్తుంది.

షేవింగ్ ఒక రోజు ముందు, వ్యాక్సింగ్ అయితే రెండు మూడు రోజుల ముందు అయిపోవాలి. అప్పటికప్పుడు గీసుకుని వస్తే వెంట్రుకల రంధ్రాల్లో రంగు చేరి నల్లచుక్కలు పడతాయి. అబ్బాయిలూ, ఒళ్లంతా గీసుకోవడం మీలో చాలామందికి ఇదే మొదటిసారి. రెండు మూడు వారాల ముందే ఒకసారి గీసి చూసుకోండి. పొక్కులు వస్తాయో లేదో అప్పుడే తెలుస్తుంది.

స్ప్రే రోజు స్నానం చేసి, సబ్బు జాడ లేకుండా కడుక్కుని రండి. సెంటు, డియోడరెంట్ వద్దు. డియోడరెంట్ మీద స్ప్రే పడితే చంకలో ఆకుపచ్చ ఛాయ వస్తుంది. వదులుగా ఉండే నల్లబట్టలు, మామూలు చెప్పులు చాలు. సాక్సు, వాచీ బిగువు గుర్తులు కూడా ఫొటోల్లో పడతాయి. మోచేతులకు, మోకాళ్లకు, అరచేతులకు, గోళ్లకు పల్చగా బారియర్ క్రీమ్, అంటే రంగు ఎక్కువ పట్టకుండా అడ్డుపడే క్రీమ్, నేనే రాస్తాను.

ఒక మాట గట్టిగా చెప్పాలి. అమెరికాలో ఆహార, ఔషధాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డీహెచ్‌ఏను పైపూతగా మాత్రమే ఒప్పుకుంది. కళ్లలోకి, పెదవుల మీదికి, ముక్కు లోపలికి వెళ్లకూడదు. కాబట్టి కళ్లకు మూతలు, ముక్కుకు ఫిల్టర్లు పెట్టుకోండి, పెదవులకు బామ్ రాయండి, ముఖం మీద కొట్టేటప్పుడు ఊపిరి బిగబట్టండి. ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా స్ప్రే గదిలోకి రావద్దు, మీకు గ్లవ్‌తో లోషన్ రాయవచ్చు. ఇంకో సంగతి, ఈ రంగు ఎండ నుంచి కాపాడదు. సన్‌స్క్రీన్ మానేయకండి.

రంగు కోటు, అంటే పూత, పడ్డాక అసలు తిప్పలు మొదలవుతాయి. మామూలుగా ముందురోజు సాయంత్రం ఒక కోటు, పోటీ రోజు పొద్దున ఇంకొకటి వేస్తాం. ఈ మధ్యలో నీటి చుక్క పడినచోటల్లా తెల్లచార. సిగ్గుపడకుండా చెబుతున్నాను, మన బాత్రూముల్లో మగ్గుతో కడుక్కునే అలవాటు ఆ ఒక్క రాత్రికి కుదరదు. టిష్యూలు దగ్గర పెట్టుకోండి. అమ్మాయిలు మూత్రానికి వెళ్లినప్పుడు పేపర్ కప్పు వాడితే తొడల మీద చారలు పడవు. నీళ్లు తాగడానికి స్ట్రా. విజయవాడ, వైజాగ్ ఉక్కలో చెమట పట్టిందంటే రంగు కారిపోతుంది, ఏసీ గది తప్పనిసరి. పరుపు మీద మీ నల్ల దుప్పటి పరవండి, లేకపోతే హోటల్‌వాళ్లు బిల్లులో వేస్తారు.

చౌకగా దొరికిందని మెరుపు కలిపిన రంగులు కొనకండి. అంతర్జాతీయ బాడీబిల్డింగ్ సమాఖ్య ఐఎఫ్‌బీబీ నియమాల ప్రకారం మెరుపుకూ అనుమతి లేదు, చేత్తో తుడిస్తే ఊడే రంగుకూ లేదు. తుడిచేసుకుని రమ్మని వెనక్కి పంపుతారు.

పోటీ అయిపోయాక నూనె, సున్నిపిండి మీ ఇష్టం, ఎంతైనా వాడండి. రంగు త్వరగా వదులుతుంది.

ఇప్పుడు ప్యాచ్ టెస్ట్. అలర్జీ వస్తుందేమో తెలుసుకోవడానికి మోచేతి మడత లోపల కాస్త రాసి ఒక రోజు చూస్తాం. దురద, ఎర్రదద్దు వస్తే నాకు ఫోన్ చేయండి, వేరే దారి చూద్దాం. చేతులు తుడుచుకుని ఒక్కొక్కరే రండి, మొదట వెనక వరుసలో ఉన్నవాళ్లు.