డిక్కీ డోరు తెరిచాక ఎక్కడ నిలబడుతుంది?

(విజయవాడ ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్, టింకరింగ్, ఆటో ఎలక్ట్రికల్ పనివారి కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పని మధ్యలో షెడ్లు వదిలి వచ్చారు, సూటిగా విషయంలోకి వెళ్దాం.

వెనక డోరు కొత్తగా కట్టమనో, మార్చమనో బండి వస్తే మనం ముందు టేపు తీసి ఓపెనింగ్ కొలుస్తాం. ఎత్తెంత, వెడల్పెంత. కొలవాల్సిందే. కానీ అంతకంటే ముందు కొలవాల్సినవి బండి బయట ఉన్నాయి. తెరిచేటప్పుడు డోరు అంచు ఎంత వెనక్కి వస్తుంది, ఎంత పైకి పోతుంది, సామాను పట్టుకున్న మనిషి ఎక్కడ నిలబడతాడు. మూసి ఉన్న డోరు ఎవరినీ ఇబ్బంది పెట్టదు. గొడవంతా తెరిచాకే.

పక్కకు తెరుచుకునే ఒంటి డోరు వెడల్పు 1.1 మీటర్లుంటే, బండి వెనక అంత జాగా ఖాళీగా ఉండాలి. వన్‌టౌన్ సందుల్లో దుకాణం ముందు సరుకు ఎక్కించేవాడికి అంత చోటు ఎక్కడిది? వెనక ఇంకో బండి ఆనించి పెట్టి ఉంటుంది. అదే వెడల్పును రెండు రెక్కలుగా చేస్తే ఒక్కోటి 55 సెంటీమీటర్లు. సరుకు బళ్లకు, అంబులెన్సులకు రెండు రెక్కలే పెట్టడానికి ఇదొక కారణం. వాటి ఇబ్బంది వాటికుంది. మధ్యలో నిలువు పట్టీ వచ్చి అద్దంలో వెనక బండి సగం కనపడదు. పైకి లేచే డోరు మీటరు పొడవుంటే, హింజీలు బంపరు కంటే 35 సెంటీమీటర్లు ముందుకు ఉన్నాయనుకుందాం, అప్పుడు బంపరు వెనక 65 సెంటీమీటర్లు చాలు. పైగా వానలో అదే గొడుగు. అందుకే మామూలు కార్లకు పైకి లేచే డోరే నయం.

అయితే పైన జాగా చూసుకోవాలి. మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో బీము, దాని కింద వేలాడే డ్రైనేజీ పైపు. హింజీ నేల నుంచి 1.65 మీటర్ల ఎత్తులో ఉండి, మీటరు డోరు అడ్డంగా వచ్చాక ఇంకో 15 డిగ్రీలు పైకి లేస్తే, అంచు 1.91 మీటర్ల దగ్గర ఆగుతుంది. పైపు 2.1 మీటర్లకు ఉంటే ఫరవాలేదు. అదే హింజీ 1.8 మీటర్లకు ఉన్న ఎస్‌యూవీ అయితే అంచు 2.06. డోరు వీపు మందం, దాని పైన రెక్కలా ఉండే స్పాయిలర్ కలిపితే పెయింటు పైపుకు అంటుకుంటుంది. మరి కోణం తగ్గిద్దామా అంటే, మొదటి బండికే 8 డిగ్రీల దగ్గర ఆపితే అంచు 1.79కి దిగుతుంది. ఐదడుగుల పది అంగుళాల మనిషి నెత్తి మీదే ఉంటుంది, లాకు కొస సరిగ్గా నుదుటికి. ఎత్తుగా ఉంచితే ఐదడుగుల ఆడమనిషికి చెయ్యి అందదు. అలాంటి చోట కోణంతో కుస్తీ పట్టకండి. డోరు ఎత్తుగానే ఉంచి, లోపలి వైపు కిందికి లాగడానికి 20 సెంటీమీటర్ల చేతి పట్టీ ఒకటి బిగించండి. అయితే అది ట్రిమ్‌కి, అంటే లోపలి ప్లాస్టిక్ తొడుగుకి కాదు, లోపలి రేకుకి బోల్టు చెయ్యాలి. ట్రిమ్‌కి కొడితే నెలలోపే క్లిప్పులతో సహా ఊడి చేతికొస్తుంది.

పక్కకు తెరిచే డోరే కావాలంటే హింజీలు ఏ పక్క? మన దగ్గర బండి రోడ్డుకు ఎడమవైపు ఆగుతుంది. కాబట్టి హింజీలు కుడివైపు ఉండాలి, అప్పుడు మనిషి కాలిబాట వైపు నిలబడి సామాను పెట్టుకుంటాడు. సుజుకీ జిమ్నీ డోరు అలాగే తెరుచుకుంటుంది, అది జపాన్ బండి, అక్కడా ఎడమవైపు నడకే. ఫోర్డ్ ఎకోస్పోర్ట్‌లో హింజీలు ఎడమవైపు, హ్యాండిల్ కుడివైపు టెయిల్ ల్యాంపులో. ఆ మోడల్ పుట్టింది బ్రెజిల్‌లో, అక్కడ బళ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. ఇక్కడ మాత్రం దాని డిక్కీ తీసేవాడు ట్రాఫిక్‌లోకి వెళ్లి నిలబడాలి.

డోరు మీద స్టెప్నీ ఉంటే లెక్క వేరు. డోరు 30 కిలోలు, స్టెప్నీ 25 అనుకోండి. మొత్తం 55. బరువు మధ్య హింజీ గీత నుంచి 55 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, తిప్పే బలం దాదాపు 297 న్యూటన్ మీటర్లు. రెండు హింజీల మధ్య అర మీటరుంటే పై హింజీని బయటికి లాగే బలం 594 న్యూటన్లు, అంటే 60 కిలోలు. కింది దాన్ని అంతే బలంతో లోపలికి నొక్కుతుంది. స్పీడ్ బ్రేకర్ మీద ఇది రెండు మూడింతలు అవుతుంది. మనం ఏం చేస్తాం? హింజీ ఇంకా మందంగా వేస్తాం. కానీ హింజీల మధ్య దూరాన్ని 50 నుంచి 70 సెంటీమీటర్లకు పెంచితే అదే 594 కాస్తా 424కి దిగుతుంది, పైసా ఖర్చు లేకుండా. డోరు కిందికి జారిందని బండి వస్తే, ముందు లాకు ముట్టుకోవద్దు. లాకు వైపు అంచు పట్టి పైకెత్తి చూడండి. టకటకమని ఆడితే హింజీ పిన్ను అరిగింది. ఆడకుండా జారి ఉంటే హింజీ వెనకున్న పిల్లర్ రేకు లొంగిందన్నమాట, దానికి లోపల 3 మిల్లీమీటర్ల ప్లేటు వెయ్యాలి. ఈ డోరుకు తెరిచినచోట నిలిపే స్టాపర్ కూడా తప్పనిసరి. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీద వాలులో ఆపి చూడండి, స్టాపర్ లేని డోరు తనంతట తనే వచ్చి మోకాలికి తగులుతుంది.

ఇప్పుడు గ్యాస్ షాకులు, అంటే పైకి లేచే డోరును ఎత్తి నిలబెట్టే గ్యాసు గొట్టాలు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. పాతది పట్టుకెళ్లి అదే పొడవున్నది తెచ్చి బిగించడం కాదు. పొడవు ఒక కొలత మాత్రమే, దాని మీద రాసి ఉండే న్యూటన్లు ఇంకో కొలత.

ఎంత బలం కావాలో తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు, కొక్కెం తూకం ఒకటి చాలు. షాకులు విప్పండి, ఇద్దరు డోరును పట్టుకోండి. అంచుకు తూకం తగిలించి, డోరు సరిగ్గా అడ్డంగా ఉన్నప్పుడు ఎంత చూపిస్తుందో రాసుకోండి. స్టాండు మీద ఉన్న ఈ డోరుకు 9 కిలోలు చూపిస్తోంది, హింజీ నుంచి అంచుకు మీటరు. అంటే 9ని 9.81తో గుణిస్తే 88 న్యూటన్ మీటర్లు. ఇక డోరు పూర్తిగా తెరిచిన స్థితిలో షాకు రెండు కొసలు తగిలించే గుండు మేకుల (బాల్ స్టడ్‌ల) మధ్య దారం లాగి కట్టండి. హింజీ నుంచి ఆ దారానికి మూలమట్టం పెట్టి అడ్డదూరం కొలవండి. ఇక్కడ 13 సెంటీమీటర్లు వచ్చింది. 88ని 0.13తో భాగిస్తే 677, రెండు షాకులు కాబట్టి ఒక్కోదానికి 338. దానికి 15 శాతం కలిపితే 390. బజార్లో 400ది తీసుకోండి.

ఆ 15 శాతం ఎందుకు? రెండు కారణాలు. ఏళ్లు గడిచేకొద్దీ సీలు నుంచి నైట్రోజన్ కొంచెం కొంచెంగా పోతుంది. రెండోది వాతావరణం. షాకు మీద రాసిన బలం మామూలుగా 20 డిగ్రీల దగ్గరిది. లోపల ఉన్నది గ్యాసు, చల్లబడితే బలం తగ్గుతుంది, వేడెక్కితే పెరుగుతుంది. ఒక్కో డిగ్రీకి సుమారు మూడో వంతు శాతం. అందుకే పాతబడిన షాకు ముందు దొరికిపోయేది డిసెంబరు తెల్లవారుజామున, డోరు మెల్లగా నెత్తి మీదికి దిగుతుంది. రెంటచింతల ఎండలో మూసి పెట్టిన కారులో షాకు 65 డిగ్రీలకు చేరిందనుకుంటే అదే 400 కాస్తా 461 అవుతుంది. డోరు కిందికి లాగడానికి అంచు దగ్గర మూడు కిలోల బలం పెట్టాలి, అంతే. కానీ ‘గట్టిగా ఉంటుంది’ అని ఎవరైనా 600ది బిగించారనుకోండి, ఆ ఎండలో 690 దాటుతుంది. అంచు పట్టుకుని తొమ్మిది కిలోల బలంతో వేలాడితే గానీ డోరు కదలదు. లాకు తీయగానే డోరు చెంప పగలగొట్టేలా లేస్తుంది, బాల్ స్టడ్ దగ్గర రేకు చిట్లుతుంది.

తక్కువైతే ఎలా ఉంటుందో కూడా చూడండి. డోరు లోపల మూడు కిలోల స్పీకర్ పెట్టె, హింజీ నుంచి 80 సెంటీమీటర్ల దగ్గర. దాని బలం 23 న్యూటన్ మీటర్ల పైనే, అంటే 88 మీద నాలుగో వంతు. పాపం 15 శాతం మిగులు ఎక్కడికి పోయిందో తెలీదు. స్పాయిలర్ హింజీ దగ్గరే ఉంటుంది కాబట్టి దాంతో అంత పేచీ లేదు.

బిగించడంలో జాగ్రత్తలు. డోరు మూసి ఉన్నప్పుడు సన్నటి రాడ్ కిందికి, లావు గొట్టం పైకి ఉండాలి. అప్పుడే లోపలున్న కాస్త నూనె సీలు మీద నిలుస్తుంది. తిరగేస్తే సీలు ఎండి త్వరగా కారుతుంది. పెయింటర్లకు ఒక మాట. డోరుకు స్ప్రే కొట్టేటప్పుడు రాడ్‌కి పేపరు చుట్టండి. రాడ్ మీద పడ్డ రంగు తుంపర ఆరాక గరుకు కాగితంలా సీలును గీస్తుంది. ప్లయరుతో రాడ్ పట్టుకోవడమూ అంతే. ఒకటి పోతే రెండూ మార్చాలి, లేకపోతే డోరు మెలిక పడి ఒక మూల బీడింగు (డోరు చుట్టూ నీళ్లు ఆపే రబ్బరు) తేలుతుంది. విప్పే ముందు డోరుకు కర్ర ఊతం పెట్టండి. ఇక పాత షాకును గ్యాస్ కట్టర్‌తో కోయవద్దు. 8 మిల్లీమీటర్ల రాడ్‌తో 400 న్యూటన్లు అంటే లోపల ఒత్తిడి 80 బార్లు. మనం టైరుకు పెట్టే 32 పాయింట్ల గాలికి 35 రెట్లు పైనే.

రెండు ముక్కల డోరు గురించి కొంచెమే. పై అద్దం పైకి, కింది రెక్క కిందికి. కూర్చోవడానికి బాగుంటుంది, సరుకుకు బాగోదు. లోపలున్న సంచిని అందుకోవాలంటే 45 సెంటీమీటర్లు ముందుకు వంగాలి. గుంటూరు యార్డులో 40 కిలోలు దాటే మిర్చి టిక్కీ ఎత్తేవాడి నడుముకు ఆ వంగుడు మంచిది కాదు. సరుకు బండికి కావాల్సింది గడప తక్కువ ఎత్తులో ఉండడం, గడపకూ లోపలి ఫ్లోరుకూ మెట్టు లేకపోవడం, టిక్కీ ఈడ్చేటప్పుడు బీడింగు చిరగకుండా గడప మీద మిల్లీమీటరు మందం స్టీలు పట్టీ.

బీడింగు చుట్టుకొలత 3.6 మీటర్లుండి, పది సెంటీమీటర్లు నొక్కడానికి 7 న్యూటన్లు పడితే, డోరు మూయడానికి మొత్తం 250. ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తా బరువంత. అందుకే లావు బీడింగు వేస్తే నీళ్లు రావనుకోవడం పొరపాటు, లాకు రెండో క్లిక్కుకు రాక సగంలోనే ఆగిపోతుంది. పది రూపాయల నోటు మధ్యలో పెట్టి డోరు మూయండి. లాగితే బిగువుగా రావాలి. జారి వస్తే అక్కడ సందుంది, చిరిగేలా ఉంటే ఎక్కువ నొక్కుతోంది. చుట్టూ 15 సెంటీమీటర్లకోసారి చూడాలి. నీళ్ల పైపుతో పరీక్ష చేసేటప్పుడు కింది నుంచి మొదలుపెట్టి పైకి రండి. పైనుంచి పోస్తే నీళ్లు అంతటా కారి, లీకు ఏ ఎత్తులో ఉందో తేలదు.

డోరును గట్టిగా కొడితే గానీ పడట్లేదని బండి వస్తే స్ట్రైకర్ (లాకు పట్టుకునే కొక్కెం) వదులు చేయకండి. ముందు ఒక కిటికీ అద్దం దించి మూసి చూడండి. అప్పుడు తేలిగ్గా పడితే లాకు తప్పేం లేదు, లోపలి గాలి బయటికి పోవడం లేదు. వెనక బంపరు చాటున గాలి పోవడానికి రబ్బరు రెక్కల కిటికీలుంటాయి. చప్పుడు తగ్గించే డ్యాంపింగ్ షీటో, సీఎన్‌జీ కిట్ వాళ్లు పరిచిన కార్పెట్టో వాటిని మూసేసి ఉంటుంది. స్ట్రైకర్ నిజంగానే సర్దాల్సి వస్తే, దాని ఎం8 బోల్టులు 22 నుంచి 25 న్యూటన్ మీటర్లకు బిగించండి.

తుప్పు డోరు కింది మడతలో పుడుతుంది. అద్దం రబ్బరు దాటి లోపలికి దిగిన నీళ్లు పోవడానికి అక్కడ బెజ్జాలుంటాయి. మనమే సీలెంటుతోనో, లప్పంతోనో వాటిని పూడుస్తాం. పెయింటు అయ్యాక సన్నటి తీగతో ప్రతి బెజ్జాన్నీ పొడిచి చూడండి.

డోరు సగం తెరిచి తాడుతో కట్టి పైపులు, మంచం తీసుకుపోయేవాళ్లను రోజూ చూస్తాం. నడిచే బండి వెనక గాలి పల్చబడుతుంది, అది పొగ గొట్టం నుంచి వచ్చిన వాయువును క్యాబిన్‌లోకి లాగుతుంది. అందులో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. పొడుగు సామాను క్యారియర్ మీదే వెళ్లాలి. తప్పనిసరైతే ముందు అద్దాలు దించి, బయటి గాలి మోడ్‌లో బ్లోయర్ పూర్తిగా పెట్టి నడపాలి. టెయిల్ ల్యాంపులు డోరు మీదే ఉంటే, తెరిచాక అవి ఆకాశం వైపు చూస్తాయి. ఆడి క్యూ5లో ల్యాంపులన్నీ డోరుతో పాటే లేస్తాయి, అందుకే బంపరులో ఇంకో జత పెట్టారు. మీరు డోరు మార్చేటప్పుడు ఇది మరవద్దు. అలాగే ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ చెబుతోంది. బాడీ తీరు మారే పనైతే ముందు రవాణా శాఖ అనుమతి, తర్వాతే కట్టర్.

చివరగా వైరింగ్. వెనక వైపర్ ఆగింది, నంబరు ప్లేటు లైటు మినుకుమంటోంది, డిక్కీ బటన్ ఒకసారి పనిచేసి ఒకసారి చేయడం లేదు. ఈ మూడూ కలిసి వస్తే మోటారు విప్పకండి. హింజీ పక్కన వైర్ల మీద ఉండే ముడతల రబ్బరు గొట్టం, బెల్లోస్ విప్పండి. డోరు తెరిచినప్పుడల్లా వైర్లు మడతపడేది అక్కడే. పైతొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తెగి ఉంటుంది. మెల్లగా లాగితే రబ్బరులా సాగుతుంది. అతుకు బెల్లోస్ లోపల వేయవద్దు. సోల్డర్ చేసిన చోట వైరు బిరుసెక్కి దాని పక్కనే మళ్లీ తెగుతుంది. సన్నటి పోగుల వైరు తీసుకుని అటు బాడీలోకి, ఇటు డోరులోకి పోనిచ్చి, అతుకులు ఒకేచోట గుంపుగా కాకుండా ఎడంగా వేయండి. అద్దం మీద మంచు పోగొట్టే డీఫాగర్ 150 వాట్లదైతే 12 వోల్టుల దగ్గర పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది, దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. ఎర్త్‌కి హింజీని నమ్మొద్దు, దానికి గ్రీజు పూస్తాం, రంగు పూస్తాం. ఎర్త్‌కి వేరే వైరు లాగండి.

బ్యాటరీ దిగిపోతే ఎలక్ట్రిక్ లాకు తెరవడానికి చాలా బళ్లలో డోరు లోపలి ట్రిమ్‌లో చిన్న మూత, దాని వెనక లీవర్ ఉంటాయి. వెనక సీటు మడిచి అక్కడికి పాకాలి. సరుకు కోసం సీటు వెనక ప్లైవుడ్ అడ్డు కొట్టమంటే, ఆ లీవర్‌కు ఒక కేబుల్ తగిలించి అడ్డుకు ఇవతలి దాకా తెచ్చాకే స్క్రూలు బిగించండి. ఇప్పుడు స్టాండు దగ్గరికి రండి, ఈ డోరు బెల్లోస్ విప్పి లోపల తెగిన వైరు చూపిస్తాను.