నాన్న పగటి నిద్ర, మేం అడగని రాత్రి

[రికార్డింగ్: విజయనగరం, దొడ్డమ్మ ఇంటి వసారా. వెనక ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది.]

నేను: అందరికీ నమస్కారం. ఈ రోజు విజయనగరంలో మా దొడ్డమ్మ ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నాను. దొడ్డమ్మ అంటే మా అమ్మకి అక్క. ప్రభుత్వాసుపత్రిలో 33 ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యింది. ఇప్పుడు 71 ఏళ్లు. పెద్దవాళ్ల పగటి నిద్ర గురించి మాట్లాడదామని వచ్చాను. దొడ్డమ్మా, ముందు ఇది చెప్పు. ఈ రోజు మధ్యాహ్నం పడుకున్నావా?

దొడ్డమ్మ: పడుకున్నానమ్మా. ఒంటిగంటకి అన్నం తిని, ఒకటిన్నరకి నడుం వాల్చాను. రెండు గంటలకి లేచాను. ఫోన్‌లో అలారం పెట్టుకుంటాను.

నేను: కునుక్కి కూడా అలారమా?

దొడ్డమ్మ: పెట్టుకోకపోతే నాలుగు దాకా ఒళ్లు తెలీదు. అలా పడుకున్న రోజు రాత్రి పన్నెండు దాటినా కళ్లు మూతపడవు. నైట్ డ్యూటీలు చేసినదాన్ని కదా, నిద్ర విలువ నాకు బాగా తెలుసు.

నేను: వినేవాళ్లకి మా ఇంటి సంగతి చెప్పాలి. శ్రీకాకుళంలో మా నాన్న ఉంటారు, 74 ఏళ్లు. మధ్యాహ్నం అరగంట పడుకోవడం ఆయనకి ఉద్యోగం రోజుల నుంచీ ఉంది, సెలవు రోజుల్లో. పోయిన వేసవి నుంచి ఆ అరగంట గంటయ్యింది. తరవాత రెండు గంటలు, రెండున్నర. పొద్దున్న పేపరు చదువుతూ కూడా కునికిపాట్లు. వయసు కదా అనుకున్నాం. కొన్నాళ్లకి విసుక్కున్నాం కూడా. పగలంతా పడుకుంటే రాత్రి నిద్రెలా పడుతుంది నాన్నా అని నేనే చాలాసార్లు అన్నాను. సాయంత్రం ఆరింటికి స్ట్రాంగ్ కాఫీ ఇవ్వడం మొదలుపెట్టాం, హుషారుగా ఉంటారని.

దొడ్డమ్మ: ఆ కాఫీ సంగతి నాకు ముందే చెప్పుంటే ఆపించేదాన్ని.

నేను: దసరాకి మా ఇంటికి వచ్చినప్పుడు నువ్వు ఒక్క ప్రశ్న అడిగావు.

దొడ్డమ్మ: అదే కదా అడగాల్సింది! రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు మరిదిగారూ అన్నాను. నాలుగు సార్లు, ఒక్కోసారి ఐదు అన్నారు. మీలో ఎవరికీ తెలీదు. పగలు పడుకోవడం అందరికీ కనబడుతుంది. రాత్రి లేవడం ఎవరు చూస్తారు?

నేను: తరవాత మాత్రల డబ్బా తెమ్మన్నావు.

దొడ్డమ్మ: బీపీ మాత్రతో పాటు కాళ్ల వాపుకి నీరు తీసే మాత్ర కూడా ఉంది. డాక్టరు చీటీ మీద అది ఉదయం వేసుకోమని ఉంది. డబ్బాలో రాత్రి గడిలో ఉంది.

నేను: ఆ డబ్బా సర్దింది నేనే. గడులున్న కొత్త డబ్బా కొని, గుర్తుంటాయని బీపీ మాత్రా, నీరు తీసే మాత్రా రెండూ ఒకే గడిలో పెట్టాను. ఐదు నెలలు నాన్న అలాగే వేసుకున్నారు. రాత్రి ఎనిమిదికి మాత్ర, పది నుంచి బాత్‌రూమ్‌కి తిరగడం. ఆయన ఎవరికీ చెప్పలేదు, వయసుకి ఇవన్నీ మామూలే అనుకున్నారు. ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది. ఇంకో ఇంట్లో జరగకూడదనే చెబుతున్నాను.

దొడ్డమ్మ: మర్నాడు డాక్టరుకి చూపించి, ఆయన చెప్పాకే మార్చాం. అది వినేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. మాత్రల వేళలు ఎవరికి వాళ్లు మార్చుకోకూడదు. చీటీ తీసి చూసుకోవాలి, అనుమానం ఉంటే వెళ్లి అడగాలి.

నేను: సరే, ఇప్పుడు అసలు విషయం చెప్పు. మధ్యాహ్నం పూటే నిద్రెందుకు వస్తుంది?

దొడ్డమ్మ: అన్నం తినడం వల్ల అంటారు అందరూ. తినకపోయినా ఆ వేళకి వస్తుంది. ఒంట్లో ఒక గడియారం ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకీ మూడింటికీ మధ్య చురుకు కాస్త తగ్గుతుంది. కడుపునిండా అన్నం తింటే ఆ మత్తు ఇంకొంచెం పెరుగుతుంది. గడియారం కాక ఇంకొకటి ఉంది. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో ఎడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. ఈ రెండూ కలిసి మన నిద్రని నడుపుతాయని బోర్బెలీ అనే స్విట్జర్లాండ్ పరిశోధకుడు 1982లో రాశాడు.

నేను: మరి కాఫీ?

దొడ్డమ్మ: కాఫీ ఆ ఎడినోసిన్‌ని పోగొట్టదు. అది పనిచేసే చోట అడ్డం కూర్చుంటుంది, అంతే. తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఆరింటికి తాగించారు. పదకొండింటికి కూడా సగం లోపలే ఉంది. మీ నాన్నకి రాత్రి మీరే రెండు వైపుల నుంచి నిద్ర లేకుండా చేశారు, పాపం.

నేను: అవును.

దొడ్డమ్మ: నిద్ర ఆకలి లాంటిదమ్మా. సాయంత్రం ఐదింటికి కడుపునిండా బజ్జీలు తింటే రాత్రి అన్నం సహిస్తుందా? మూడు దాటాక పడుకున్నా అంతే. అందుకే కునుకు మూడు లోపు, అరగంట లోపు. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారతాం. అందులోంచి లేస్తే తల దిమ్ముగా, కాళ్లు పట్టు లేనట్టు ఉంటాయి. కుర్రాళ్లకైతే పర్వాలేదు. డెబ్భై దాటినవాళ్లు అలా లేచి గబగబా నడిస్తే పడతారు. నా వార్డులో తుంటి ఎముక విరిగి వచ్చిన ముసలివాళ్లని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే. పడుకుని లేచానమ్మా, కళ్లు తిరిగాయి.

నేను: అన్నం తిన్నాక బీపీ కూడా పడిపోతుందంటారు కదా?

దొడ్డమ్మ: కొంతమంది పెద్దవాళ్లకి పడిపోతుంది. తిన్న రెండు గంటల లోపు పైన అంకె ఇరవయ్యో, అంతకన్నా ఎక్కువో తగ్గుతుంది. అన్నం ఎక్కువ తిన్నకొద్దీ ఎక్కువ. కాబట్టి లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చోవాలి. కాళ్లు నాలుగుసార్లు ఆడించాలి. అప్పుడు గోడ పట్టుకుని లేవాలి. అన్నం ఒక ముద్ద తగ్గించి కూర ఎక్కువ వేసుకుంటే ఇంకా మంచిది.

నేను: మన పెద్దవాళ్లు పగలు పడుకోవడం దోషం అనేవారు కదా?

దొడ్డమ్మ: దోషం అన్న మాట సగమే అందరికీ గుర్తుంది. చరక సంహితలో పగటి నిద్ర వద్దని ఉంది, నిజమే. అక్కడే వేసవిలో పడుకోవచ్చని ఉంది. ముసలివాళ్లు, పిల్లలు, బలహీనంగా ఉన్నవాళ్లు, అలసిపోయినవాళ్లు ఏ కాలంలోనైనా పడుకోవచ్చని కూడా ఉంది. కూర్చుని తీసే కునుకు గురించి వేరే చెప్పారు, అది ఒంటికి ఏ ఇబ్బందీ చెయ్యదని. మా మావగారి పడక కుర్చీ నిద్ర అదే. మన వైపు చోడంబలి తాగి తెల్లారకుండా పొలానికి పోయినవాడు మిట్టమధ్యాహ్నం చెట్టుకింద తువ్వాలు పరుచుకుంటే, అది సోమరితనమా? నాలుగింటికి లేచిన ఒళ్లు అది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా చుట్టాలు కొబ్బరితోటలోనే పడుకునేవారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి చెట్లు పడిపోయాక, మధ్యాహ్నం ఎక్కడ వాలాలో తెలీటం లేదని మా వదిన ఏడ్చింది. తోట పోయిందని ఏడుస్తోందనుకున్నాం. నీడ పోయిందని కూడా ఏడ్చింది.

[కొంచెం సేపు మౌనం.]

నేను: ఉద్దానం అన్నావు కాబట్టి అడుగుతాను. అక్కడ కిడ్నీ జబ్బు ఎక్కువ కదా. దానికీ నిద్రకీ సంబంధం ఉందా?

దొడ్డమ్మ: చాలా ఉంది. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఎవరైనా పెద్దాయన కొత్తగా పగలంతా మగతగా ఉంటున్నాడంటే నేను వయసు అని అనను. కిడ్నీలు పాడైతే రక్తం తగ్గుతుంది, నీరసం వస్తుంది. రాత్రి ఒళ్లంతా దురద, కాళ్లు లాగుతుంటాయి, కుదురుగా పెట్టుకోలేరు. రాత్రి నిద్ర ఉండదు, పగలు తూలుతుంటారు. క్రియాటినిన్ అనేది చిన్న రక్త పరీక్ష. అది చేయించాలి. అలాగే థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్. షుగరుకి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో కొందరికి బీ12 విటమిన్ తగ్గుతుంది, అదీ చూడాలి. జలుబుకీ దురదకీ షాపులో కొని వేసుకునే మాత్రల్లో కొన్ని బాగా మత్తుగా ఉంటాయి. ఏం వేసుకుంటున్నారో అడగాలి.

నేను: గురక?

దొడ్డమ్మ: గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్టు మళ్లీ మొదలైతే అది స్లీప్ అప్నియా. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర చాలదు. మనవాళ్లు గురకని గాఢనిద్ర అనుకుంటారు. అది నాకు చాలా బాధగా ఉంటుంది. మా వీధిలో ఒకాయన్ని అలాగే పదేళ్లు మురిసిపోయి చూశారు.

నేను: ఎంత నిద్ర మామూలు, ఎంత అనుమానించాలి? మాకు తెలిసేదెలా?

దొడ్డమ్మ: ఎప్వర్త్ స్కేల్ అని ఎనిమిది ప్రశ్నలుంటాయి. ఆస్ట్రేలియాలో మర్రే జాన్స్ అనే డాక్టరు 1991లో రాశారు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, పది దాటితే డాక్టరుకి చూపించాలి. ఆ ప్రశ్నలు వింటేనే తేడా తెలుస్తుంది. మధ్యాహ్నం పడుకుంటే నిద్ర పడుతుందా అని ఒకటి. పడుతుంది, ఎవరికైనా. ఎదుటి మనిషితో కూర్చుని మాట్లాడుతుండగా నిద్ర పడుతుందా అని ఇంకొకటి. అది పడకూడదు. మీ నాన్న నాతో మాట్లాడుతూ రెండుసార్లు తల వాల్చేశారు, దసరా నాడు. అందుకే అడిగాను.

నేను: ఎక్కువ పడుకుంటే మతిమరుపు వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. మా అమ్మ అది చదివి టెన్షన్ పడింది.

దొడ్డమ్మ: ఆ వార్త వెనక నిజమైన పరిశోధన ఉంది, 2022లో వచ్చింది. చికాగోలో 1400 మందికి పైగా పెద్దవాళ్ల చేతికి వాచీ లాంటిది కట్టి, కొందరిని 14 ఏళ్ల దాకా చూశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కూడా పగటి నిద్ర ఏడాదికి 11 నిమిషాల చొప్పున పెరిగింది. జ్ఞాపకశక్తి తగ్గడం మొదలైనవాళ్లకి ఏడాదికి 24 నిమిషాలు. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు అని తేలాక 68 నిమిషాలు. రోజుకి గంట దాటి పగలు పడుకునేవాళ్లలో అల్జీమర్స్ వచ్చే అవకాశం 40 శాతం ఎక్కువగా కనబడింది. కానీ నిద్ర వల్ల జబ్బు వచ్చిందా, లోపల మొదలైన జబ్బు వల్ల నిద్ర పెరిగిందా, అది ఆ లెక్కల్లో తేలదు. నాకు అందులో పనికొచ్చిన మాట పెరగడం అన్నది. ఇరవై ఏళ్లుగా గంట పడుకునే మనిషి గంటే పడుకుంటుంటే నేను కంగారు పడను. ఆరు నెలల్లో అరగంట రెండు గంటలయ్యిందా? అప్పుడు కంగారు పడతాను.

నేను: వెంటనే పరిగెత్తాల్సింది ఎప్పుడు?

దొడ్డమ్మ: లేపితే లేవకపోయినా, లేచి మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా 108కి ఫోన్ చెయ్యాలి. షుగరుకి ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లు చెమటలు పట్టి మగతగా ఉంటే షుగరు పడిపోయి ఉండొచ్చు. పడుకోనిద్దాం అనుకోకూడదు. స్పృహలో ఉంటే వెంటనే పంచదార నీళ్లు పట్టాలి. స్పృహ లేనప్పుడు నోట్లో ఏదీ పొయ్యకూడదు.

నేను: ఇప్పుడు నాన్న బాగున్నారు. నీరు తీసే మాత్ర పొద్దున్నకి మారాక రాత్రి ఒకసారి లేస్తున్నారు, అంతే. కాఫీ మధ్యాహ్నం తరవాత లేదు. పొద్దున్నే అరసవల్లి దాకా నడుస్తున్నారు.

దొడ్డమ్మ: ఆ నడక మానొద్దని చెప్పు. మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని మనం వెళ్లి చూస్తాం కదా, ఆ ఎండ మన కళ్లకీ రోజూ కావాలి. ఒంట్లో గడియారం వెలుతురు చూసే సరిచేసుకుంటుంది. రాత్రి ఆలస్యంగా నిద్ర పట్టేవాళ్లకి పొద్దున్న ఎండ మంచిది. ఏడింటికే కళ్లు మూసుకుపోయి మూడింటికి లేచి కూర్చునే పెద్దవాళ్లుంటారు, వాళ్లు సాయంత్రం వెలుతురులో అరుగు మీద కూర్చోవాలి. తలుపులు వేసుకుని టీవీ ముందు ఉంటే గడియారానికి పగలేదో రాత్రేదో తెలీదు.

నేను: దొడ్డమ్మా, ఇంకేమైనా చెప్పాలా?

దొడ్డమ్మ: నేనే ఒకటి అడుగుతాను. మీ అమ్మ మధ్యాహ్నం పడుకుంటుందా?

నేను: అమ్మా... తెలీదు దొడ్డమ్మా.

దొడ్డమ్మ: ఇంతసేపూ మీ నాన్న గురించే మాట్లాడాం. మన ఇళ్లల్లో మగవాళ్లకి పడక కుర్చీ ఉంటుంది, ఆ వేళకి ఇంట్లో టీవీ సౌండు తగ్గిస్తారు. ఆడవాళ్లు గిన్నెలు కడిగాక వంటింట్లో గచ్చు మీద కొంగు పరుచుకుని వాలతారు. ఎవరో తలుపు కొడితే లేస్తారు. దాన్ని పడుకోవడం అని ఎవరూ లెక్కెయ్యరు. మీ నాన్న రాత్రి నాలుగుసార్లు లేచారు కదా, ఐదు నెలలు. లైటు ఎవరు వేశారు? పడిపోతారేమోనని వెనక ఎవరు నడిచారు?

నేను: అమ్మే.

దొడ్డమ్మ: దాని వయసు 68. దసరాకి వచ్చినప్పుడు దాన్ని నేను కూడా అడగలేదు. నీతో పాటు నాదీ తప్పే.

నేను: ఇప్పుడు టైమ్ మూడున్నర. ఇది ఆపి, అమ్మకి ఫోన్ చేస్తాను.

దొడ్డమ్మ: స్పీకర్ ఆన్ చెయ్యి. నేనూ మాట్లాడతాను.

[రికార్డింగ్ ఆగింది.]