పెళ్లయింది, పందిరి మాత్రం పీకలేదు: మొదటి ప్రపంచ యుద్ధం, కెనడా

నమస్తే అండీ. పోయిన వీడియో కింద ఒకాయన కామెంట్ పెట్టాడు, "కెనడాకేంటి బ్రదర్, మొదటి ప్రపంచ యుద్ధం యూరప్‌లో జరిగింది, వీళ్లు సైన్యాన్ని పంపించి ఇంట్లో హాయిగా కూర్చున్నారు" అని. దానికి బోలెడు లైకులు. ఆ "హాయిగా" అన్న మాట దగ్గరే నాకు మండింది. అప్పుడు కెనడా జనాభా సుమారు 80 లక్షలు. అందులో 6 లక్షల మందికి పైగా సైన్యంలో చేరారు, 60 వేల మందికి పైగా తిరిగి రాలేదు. అయినా యుద్ధభూమి సంగతి ఇవాళ వద్దు, ఫ్రాన్స్‌లో కెనడా సైన్యం పోరాడిన విమీ రిడ్జ్ మీద ఇంగ్లిష్‌లో కావలసినన్ని వీడియోలున్నాయి. ఇంటి దగ్గర ఏం జరిగిందన్నదే ఇవాళ్టి విషయం.

మన ఊళ్లలో పెళ్లికి పందిరి వేస్తారు కదా. రాటలు పాతి, తాటాకు కప్పి, పదహారు రోజుల పండగ అయ్యాక పీకేయాలి. కానీ కొన్ని ఇళ్లలో పీకరు. నీడ బాగుందని ఒకరు, బండి పెట్టుకోవడానికి పనికొస్తుందని ఒకరు. రెండేళ్లు పోతే దాని మీద రేకులు పడతాయి, పదేళ్లు పోతే అదే వరండా. ఇది పెళ్లి పందిరి అని గుర్తున్నవాళ్లు కూడా ఉండరు. కెనడా కథ అచ్చం ఇదే. యుద్ధం పేరు చెప్పి నాలుగేళ్లలో పాతిన రాటలు కొన్ని ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

మొదటి రాట 1914 ఆగస్టులో పడింది. దాని పేరు వార్ మెజర్స్ యాక్ట్. పార్లమెంటును అడక్కుండానే మంత్రివర్గం ఎవరినైనా అరెస్టు చేయొచ్చు, పత్రికల్ని సెన్సార్ చేయొచ్చు, ఆస్తులు స్వాధీనం చేసుకోవచ్చు. దీంతో 8,579 మందిని దేశమంతా 24 క్యాంపుల్లో పెట్టారు. ఎక్కువమంది ఉక్రేనియన్లు. వాళ్ల నేరమేంటంటే, పుట్టిన ఊరు శత్రుపక్షమైన ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండటం. నాకు కోపం తెప్పించేది ఏంటంటే, యుద్ధానికి ముందు ఇరవై ఏళ్లుగా రండి రండి, భూమి ఇస్తాం, పడమటి మైదానాలు సాగుచేయండి అని వీళ్లని పిలిచింది ఇదే కెనడా ప్రభుత్వం. అంటే శుభలేఖ ఇచ్చి పిలిచిన చుట్టాన్నే పందిట్లోంచి బయటికి గెంటి, కాపలా పెట్టి, పెరట్లో కట్టెలు కొట్టించారన్నమాట. నిజంగానే కొట్టించారు. బాన్ఫ్ వెళ్లి ఫోటోలు దిగుతాం కదా, ఆ నేషనల్ పార్కులో రోడ్డు పనులు చేసినవాళ్లలో ఈ ఖైదీలూ ఉన్నారు. యుద్ధం 1918లో అయిపోయినా ఆఖరి క్యాంపులు మూసింది 1920లో. ఈ చట్టం అంతటితో పోయిందా అంటే అదీ లేదు, రెండో యుద్ధంలో జపనీస్ కెనడియన్ల మీద, 1970లో మళ్లీ క్యూబెక్ గొడవల్లో వాడి, చివరికి 1988లో రద్దు చేశారు. ఈ రాట పీకడానికి 74 ఏళ్లు పట్టింది.

ఇప్పుడు ఒంటారియో రాష్ట్రంలోని కిచెనర్ ఊరు. కాలేజీల పుణ్యమా అని అక్కడ మన పిల్లలు చాలామంది ఉన్నారు. యుద్ధం మొదలైనప్పుడు ఆ ఊరి పేరు బెర్లిన్. జర్మన్ మూలాలున్నవాళ్ల ఊరు. పార్కులో జర్మన్ చక్రవర్తి (కైజర్) మొదటి విల్‌హెల్మ్ విగ్రహం ఉండేది, అంటే అప్పుడు యుద్ధం చేస్తున్న కైజర్‌కి తాత. యుద్ధం వచ్చిన నెలలోనే దాన్ని ఎవరో పెకలించి చెరువులో పడేశారు. 1916 మేలో ఊరి పేరు మార్చాలా వద్దా అని ఓటింగ్ పెడితే మార్చాలని 1,569, వద్దని 1,488. తేడా 81 ఓట్లు! మరి ఏ పేరు పెట్టాలని రెండోసారి ఓటింగ్ పెడితే చాలామంది అటువైపే పోలేదు, "కిచెనర్" 346 ఓట్లతో గెలిచింది. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో అసోసియేషన్ ప్రెసిడెంట్‌కి ఇంతకంటే ఎక్కువ పడతాయేమో. ఆ కిచెనర్ దొర బ్రిటిష్ యుద్ధమంత్రి, ఆ ఏడాదే జూన్‌లో ఓడ మునిగి పోయాడు. అంతకుముందు 1902 నుంచి 1909 దాకా ఇక్కడ, బ్రిటిష్ ఇండియాలో, సర్వసైన్యాధిపతి. మనకి పాత పరిచయమే.

ఇక మీ అందరికీ తగిలే రాట. కెనడాలో జీతం వచ్చినప్పుడు పే స్లిప్ చూసి నిట్టూరుస్తారు కదా? 1917 దాకా అక్కడ కేంద్ర ప్రభుత్వానికి ఆదాయపు పన్నే లేదు, ఖజానా చాలావరకు దిగుమతి సుంకాల మీద నడిచేది. ఆ వేసవిలో ప్రధాని రాబర్ట్ బోర్డెన్ నిర్బంధ సైనిక సేవ తెచ్చాడు. దాంతో రైతులు, కార్మికులు అడిగారు: మా పిల్లల్ని బలవంతంగా పట్టుకెళ్తున్నారు, మరి డబ్బున్నవాళ్ల డబ్బు సంగతేంటి? న్యాయమైన ప్రశ్నే. ఆర్థికమంత్రి థామస్ వైట్ పన్ను తెచ్చాడు. పెళ్లికానివాళ్లకి 1,500 డాలర్ల దాకా, సంసారులకి 3,000 దాకా మినహాయింపు, ఆపైన 4 శాతం. ఎన్నాళ్లు ఉంటుందంటే, గడువేమీ పెట్టలేదు కానీ యుద్ధం అయిన ఒకట్రెండేళ్లకి మళ్లీ చూడాలి అన్నాడు. మన మేస్త్రి "వచ్చే వారం వచ్చి పందిరి విప్పుతానండీ" అన్నట్టు. చట్టం పేరులో "వార్" అన్న మాట 1940ల చివరిదాకా అలాగే ఉండిపోయింది, పన్ను ఇప్పటికీ ఉంది.

ఓటు సంగతి ఇంకా తమాషా. 1917 డిసెంబర్‌లో ఎన్నికలు. బోర్డెన్‌కి నిర్బంధ సేవకి అనుకూలమైన ఓట్లు కావాలి. ఏం చేశాడు? సైనికుల భార్యలకి, తల్లులకి, అక్కచెల్లెళ్లకి, కూతుళ్లకి ఓటిచ్చాడు. 1902 మార్చి తర్వాత పౌరసత్వం తీసుకున్న శత్రుదేశాలవాళ్లలో ఎక్కువమందికి ఓటు పీకేశాడు. మొదటి బంతిలో ఎవరు కూర్చోవాలో, ఎవరి విస్తరి తీసేయాలో ఆయనే చెప్పాడన్నమాట. ఆడవాళ్లకి ఓటు యుద్ధం ఇచ్చిన బహుమతి అని చాలామంది చెబుతారు, నేను పూర్తిగా ఒప్పుకోను. మహిళలు అప్పటికే ఏళ్ల తరబడి పోరాడుతున్నారు, 1916లోనే మానిటోబా, సస్కచెవాన్, అల్బర్టా రాష్ట్రస్థాయిలో ఇచ్చేశాయి. కాకపోతే కొందరు ఆడవాళ్లకి ఇచ్చి మిగతావాళ్లకి లేదనడం ఎంతోకాలం నడవదు కదా, 1918లో కేంద్ర ఎన్నికల్లోనూ ఇచ్చారు. అందరికీ అనుకునేరు, ఫస్ట్ నేషన్స్ వాళ్లకి, అంటే అక్కడి ఆదివాసులకి, తమ ఆదివాసీ హోదా, హక్కులు వదులుకోకుండా ఓటు వచ్చింది 1960లో.

టైమ్ అయిపోతోంది, స్పీడుగా చెప్పేస్తా. నిర్బంధ సేవ మీద ఫ్రెంచ్ మాట్లాడే క్యూబెక్ రాష్ట్రం భగ్గుమంది. పొరుగున ఒంటారియో బడుల్లో ఫ్రెంచ్‌ని అణిచేస్తూ, ఇంగ్లండ్ కోసం చావమంటే ఎందుకు చస్తాం అన్నారు. 1918 ఈస్టర్‌కి క్యూబెక్ సిటీలో సైన్యం కాల్పుల్లో నలుగురు పోయారు. కానీ ఇది క్యూబెక్ ఒక్కటే అనుకోకండి, మొదటి పిలుపులో పేర్లు నమోదైన 4 లక్షల పైచిలుకు మందిలో దాదాపు 3 లక్షల 80 వేల మంది, దేశం నలుమూలల నుంచీ, మినహాయింపే అడిగారు. మద్యనిషేధం కూడా యుద్ధం పేరుతోనే వచ్చింది, ఆ రాట మాత్రం తొందరగానే పీకేశారు, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. కెనడా తూర్పు తీరంలోని హాలిఫాక్స్ రేవులో 1917 డిసెంబర్ 6న మందుగుండు ఓడ పేలి ఇంచుమించు 2 వేల మంది పోయారు, కాబట్టి "హాయిగా కూర్చున్నారు" అన్న బ్రదర్, ఇది మీకే. వినిపెగ్‌లో 1919 సమ్మె, 30 వేల మంది పని ఆపేయడం, అదంతా ఇవాళ పట్టదు, వేరే వీడియో చేస్తా. కిచెనర్‌లో ఉన్నవాళ్లు పాత గోడల మీదో బోర్డుల మీదో ఎక్కడైనా బెర్లిన్ అన్న పేరు కనిపిస్తే ఫోటో తీసి పంపండి, అందులో చూపిస్తా.