జేమ్స్ కొనలీని కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు

శ్రోతలందరికీ నమస్కారం. మన వి.వి.గిరి గారు, తర్వాత రాష్ట్రపతి అయిన ఆయనే, 1913లో లా చదవడానికి ఐర్లండ్‌లోని డబ్లిన్ వెళ్లారు. అదే ఏడాది ఆ ఊళ్లో కార్మిక నాయకులు జిమ్ లార్కిన్, జేమ్స్ కొనలీ వాళ్లు కలిసి కూలీల కోసం ఓ చిన్న సైన్యమే కట్టారు. ఆ కొనలీ గురించే ఇవాళ చెప్తాను.

పుట్టింది 1868లో, ఎడిన్‌బరోలో, ఐర్లండ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ల వాడలో, తండ్రి వీధుల్లో పేడ ఎత్తే బండి తోలేవాడు. పద్నాలుగేళ్లకే బ్రిటిష్ ఆర్మీలో చేరాడంటారు. తర్వాత పని వెతుక్కుంటూ డబ్లిన్, అక్కణ్ణుంచి అమెరికా. భార్య లిల్లీ పిల్లల్ని తీసుకుని ఓడెక్కుదామనుకునేలోపు పెద్దమ్మాయి మోనా బట్టలకి నిప్పంటుకుని చనిపోయింది, పదమూడేళ్ల పిల్ల అండీ.

1910లో తిరిగొచ్చాడు. 1913లో డబ్లిన్ యజమానులు యూనియన్‌లో ఉన్నవాళ్లకి పని లేదు పొమ్మని దాదాపు 20 వేల మందిని బయటికి నెట్టేశారు, పోలీసులు జనాన్ని చితకబాదారు, ఆ దెబ్బలు కాచుకోడానికి పుట్టిందే ఐరిష్ సిటిజన్ ఆర్మీ, మొదట్లో వాళ్ల చేతుల్లో ఉన్నవి ఆటకి వాడే హర్లీ కర్రలే. లార్కిన్ అమెరికా వెళ్లిపోయాక కొనలీయే కమాండర్.

1916 ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం. ఐర్లండ్ అప్పుడు బ్రిటిష్ పాలనలో ఉంది. కొనలీ మనుషులు, ఇంకొందరు తిరుగుబాటుదార్లు కలిసి డబ్లిన్‌లో పెద్ద పోస్టాఫీసు పట్టుకుని స్వతంత్ర రిపబ్లిక్ ప్రకటించారు. పదిహేనేళ్ల కొడుకు రాడీ కూడా లోపలే ఉన్నాడు. గురువారం ఓ తూటా కొనలీ చీలమండని నుజ్జు చేసింది, అయినా చక్రాల మంచం మీద పడుకునే ఆర్డర్లు ఇచ్చాడు. శనివారం లొంగిపోయారు. ఆ వారంలో పోయినవాళ్లలో సగానికి పైగా మామూలు జనమే, అది దాచి ఆయన్ని పొగిడితే తప్పు. ఊరి జనానికి కూడా ముందు వీళ్ల మీద కోపమే.

మే 3 నుంచి బ్రిటిష్ వాళ్లు తిరుగుబాటు నాయకుల్ని కాల్చెయ్యడం మొదలుపెట్టారు, రోజుకి ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అలా పేపర్లో చదివేకొద్దీ జనం మనసు తిరిగిపోయింది. కొనలీకి మంచం మీదే మిలిటరీ విచారణ. ఆఖరి రాత్రి లిల్లీ, కూతురు నోరా వచ్చారు. ఎంత అందమైన జీవితం జేమ్స్ అని ఆవిడ ఏడిస్తే, నిండుగా బతికాను కదా లిల్లీ, ఇది మంచి ముగింపే కదా అన్నాడని నోరా తర్వాత చెప్పింది.

మే 12 తెల్లారుజామున అంబులెన్స్‌లో కిల్మైన్‌హమ్ జైలుకి తెచ్చారు. నిలబడలేని మనిషి, కాలు కుళ్లిపోతోంది, కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. నాకు ఇది ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది. శవాన్ని కూడా ఇవ్వలేదు, పెట్టె లేకుండానే ఆర్బర్ హిల్‌లో సున్నంలో పూడ్చేశారు.

గిరి గారిని కూడా బ్రిటిష్ వాళ్లు ఆ ఏడాదే ఐర్లండ్ వదిలి వెళ్లమన్నారు, ఆయన మన దేశం వచ్చి రైల్వే కార్మికుల యూనియన్ కట్టారు.

ఇప్పటికీ ఆ జైలు రాళ్ల పెరట్లో రెండు సిలువలు కనిపిస్తాయి. మిగతావాళ్లందరికీ కలిపి ఓ చివర ఒకటి. ఇటు గేటు పక్కనే ఇంకొకటి, స్ట్రెచర్ మీద తెచ్చిన కొనలీని ఆ చివరిదాకా మోసుకెళ్లకుండా అక్కడే కాల్చారు కాబట్టి.