వరండాలో పావుగంట

అందరికీ నమస్కారం.

బీఈడీ విద్యార్థుల ఇంటర్న్‌షిప్ చూడటానికి ఏళ్లుగా బళ్లకు తిరుగుతున్నాను. అక్కడ చూసిన ఒక క్లాసు గురించి ముందు చెప్తాను.

ఆరో తరగతి, భిన్నాలు. పాఠం చెబుతున్న మా బీఈడీ విద్యార్థిని పాఠ్యపథకం శ్రద్ధగా రాసుకుంది, చార్టు గీసుకొచ్చింది. 'మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?' అని అడిగింది. ఒక కుర్రాడు లేచి, 'నాలుగో వంతే టీచర్, మూడు కన్నా నాలుగు పెద్దది కదా' అన్నాడు. తప్పు, కూర్చోమని ఆమె చార్టు వైపు తిరిగింది. క్లాసయ్యాక వరండాలో అడిగాను: 'వాడు అలా ఎందుకన్నాడమ్మా?' చాలాసేపు ఆలోచించింది. 'వాడికి కింది అంకె ఒక్కటే కనిపించింది సార్. అది ఎన్ని ముక్కలో చెప్తుందని నేను చూపించనేలేదు' అంది. మర్నాడు రెండు జొన్నరొట్టెలు తెచ్చి, ఒకటి ముగ్గురికి, ఇంకోటి నలుగురికి పంచమని వాడి చేతికే ఇచ్చింది. వాడు రొట్టె తుంచుతూనే, 'నలుగురైతే తక్కువొస్తుంది టీచర్!' అని అరిచాడు.

వరండాలో ఆ పావుగంటకు సిలబస్‌లో పేపరు లేదు, మార్కులూ లేవు. యూనివర్సిటీ అసలు పని మాత్రం అదే అని నా నమ్మకం.

టీచర్ల శిక్షణకు నియమాలు పెట్టే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లయింది. అందులో 20 వారాలు బడికే ఇచ్చారు. చాలాచోట్ల ఆ 20 వారాలు సీనియర్ల రికార్డులు చూసి రాయడంతో, హెచ్‌ఎం సంతకంతో గడిచిపోతున్నాయి. పిల్లల్ని అనను. వాళ్లకు టెట్, డీఎస్సీ టెన్షన్ చాలు. అఫిలియేషన్ ఇచ్చి, పరీక్ష పెట్టి, పట్టా చేతిలో పెట్టి ఊరుకుంటున్నది యూనివర్సిటీ వాళ్లం, మనం. టీచర్ల శిక్షణ అటు యూనివర్సిటీకీ ఇటు బడికీ దూరంగా ఒంటరిగా ఉండిపోయిందని దేశ విద్యపై నివేదిక ఇచ్చిన 1964–66 నాటి కొఠారీ కమిషనే చెప్పింది.

ఆ దూరం ఎంత నష్టమో చూడండి. గోండి, కోయ ఇళ్లలోంచి వచ్చే పిల్లలకు బడి తెలుగు కొత్త భాష. వాళ్లకు చెప్పబోయే టీచరుకు భాషాశాస్త్రం తెలిసినవాళ్ల సాయం కావాలి. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ ఉంది, ఎడ్యుకేషన్ కాలేజీ ఉంది. ఇలా అన్ని శాఖలూ ఒక్కచోట దొరికేది యూనివర్సిటీలోనే. 2030 నాటికి డిగ్రీ, బీఈడీ కలిపి చదివే నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీయే టీచరుకు కనీస అర్హత కావాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. శాఖలు కలవకపోతే నాలుగేళ్లయినా రికార్డులే మిగులుతాయి.

అందుకే ఇక్కడున్న వీసీ గారినీ, డీన్ గారినీ ఒక్కటి కోరుతున్నాను. వచ్చే ఇంటర్న్‌షిప్‌లోగా ప్రతి ప్రొఫెసర్ టైంటేబుల్లో వారానికో పూట 'బడి' అని రాయించండి. వెనక బెంచీలో కూర్చున్న గంటనూ, వరండాలో మాట్లాడిన పావుగంటనూ వాళ్ల పనిగంటల్లో కలపండి.